మంచుదేశంలో మల్లెకు చెల్లెలు

మే నెల అనగానే మీకు మల్లెలు గుర్తొస్తాయి కదూ! సాయంత్రమయ్యేసరికి వీధిలో పూలమ్మి కేక, తడిగుడ్డ కప్పిన బుట్ట, మూర ఎంతకిస్తావన్న బేరం. మేముండే ఊళ్లో మే నెలకు ఇంకో వాసన ఉంది. అది లైలాక్ పూల వాసన.

మాది అమెరికాలోని రోచెస్టర్. న్యూయార్క్ రాష్ట్రమే అయినా ఆ మహానగరానికి చాలా దూరంగా, ఒంటారియో సరస్సు దగ్గర ఉంటుంది. నవంబరులో మొదలైన మంచు ఒక్కోసారి ఏప్రిల్లో కూడా పలకరించిపోతుంది. ఆ నాలుగైదు నెలలూ కట్టెపుల్లల్లా నిలబడిన పొదలు, మే రెండోవారం వచ్చేసరికి గుండె ఆకారపు ఆకులు తొడిగి, జానెడేసి గుత్తులు నిలబెడతాయి. పువ్వు చూస్తే చిన్నది, నాలుగే రేకులు. కానీ గుత్తిలో వందలుంటాయి. తెలుపు, లేత ఊదా, గులాబీ, నేరేడుపండు రంగు... రెండు మూడు వారాలు అంతే. ఆ తరువాత ఏడాదంతా అదొక మామూలు ఆకుపచ్చ పొద.

ఆ రెండు మూడు వారాల కోసం ఇక్కడివాళ్లు ప్రాణం పెడతారు. ఊళ్లోని హైలాండ్ పార్కులో 1892లో జాన్ డన్‌బార్ అనే ఉద్యానవేత్త 20 రకాల లైలాక్‌లు నాటారు. ఇప్పుడక్కడ 500 పైచిలుకు రకాలు, 1200కు పైగా పొదలు ఉన్నాయి. ఏటా మే నెలలో లైలాక్ పండగ చేస్తారు. మన తీర్థానికి వెళ్లినట్టే పిల్లాజెల్లాతో వచ్చి, తినుబండారాలు కొనుక్కుని, ప్రతి పొద దగ్గరా ముక్కు పెట్టి మరీ వెళ్తారు.

పరాయిది కాదు సుమండీ!

లైలాక్ అన్న మాటను విడదీస్తే మన నీలమే బయటపడుతుంది. సంస్కృతంలోని నీల శబ్దం పారశీకంలో నీల్ అయింది. దాన్నుంచి నీలక్, లీలక్ అయి, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరి లైలాక్‌గా స్థిరపడింది. మొక్క పుట్టిల్లు మాత్రం బాల్కన్ దేశాల రాతికొండలు. తురుష్క చక్రవర్తుల ఇస్తాంబుల్ తోటల నుంచి 16వ శతాబ్దంలో వియన్నాకూ, అక్కణ్నుంచి యూరప్ అంతటికీ వెళ్లింది. వలస వెళ్లినవాళ్లు దాన్ని అమెరికాకు తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి చెబితే మీరు ముచ్చటపడతారు. వృక్షశాస్త్రం ప్రకారం మల్లె, జాజి, పారిజాతం, లైలాక్ అన్నీ ఒకే కుటుంబం. ఆలివ్ చెట్టు కూడా అందులోదే. లైలాక్ వాసన మల్లెలా మత్తుగా ఉండదు, కాస్త తేనె కలిపినట్టుంటుంది. అయినా తొలిసారి చూసినప్పుడు ఆ కాడ, ఆ రేకుల పొందిక ఎక్కడో తెలిసిన ముఖంలా అనిపించాయి. అక్కాచెల్లెళ్ల పోలికలు ఎక్కడికి పోతాయి!

మన దగ్గర పూస్తుందా?

మా చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఆన్‌లైన్‌లో లైలాక్ విత్తనాలు అమ్ముతున్నారు, ఫొటో ఎంత బాగుందో, తెప్పించుకోనా?" అంది. వద్దే తల్లీ అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

ఈ మొక్కకు చలి నిజంగానే అవసరం. వేసవిలో కట్టిన మొగ్గ, చలికాలంలో కొన్ని వారాల పాటు గట్టి చలి తింటేనే వసంతంలో నిద్రలేస్తుంది. విజయవాడ సంగతి వదిలేయండి, హైదరాబాదులో మనం స్వెటర్లు తీసే చలి కూడా దానికి ఆనదు. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టే చలి వచ్చినా అది కొద్దిరోజుల ముచ్చటే. ఒకవేళ విత్తనం మొలిచినా నాలుగు ఆకులు వేసి, ఎండకు కమిలి, పూతన్నది లేకుండా ఏడుపుముఖంతో నిలబడుతుంది. దానికి డబ్బు పోయడం దేనికి?

మన దేశంలో లైలాక్ అసలే లేదా అంటే, ఉంది. హిమాలయాల్లో కాశ్మీరు నుంచి ఉత్తరాఖండ్ దాకా ఎత్తైన కొండల మీద ఒక జాతి సహజంగానే పెరుగుతుంది. చార్‌ధామ్ యాత్రకో, సిమ్లా వైపో వెళ్లినప్పుడు కొండవాలున తెల్లటి గుత్తుల పొద కనిపిస్తే ఆగి చూడండి.

పేరు చూసి మోసపోయే ఇంకో చెట్టు కూడా ఉంది. ఇంగ్లిషు పుస్తకాల్లో పర్షియన్ లైలాక్ అని రాసి ఉన్నది చాలాసార్లు మన తురకవేపే. దాని లేత ఊదా పూలు వాసనగానే ఉంటాయి కానీ కాయలు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు. లైలాక్ లాంటి గుత్తులే కావాలనుకుంటే నర్సరీకి వెళ్లి క్రేప్ మర్టిల్ అని అడగండి. మన చినగోరంటే అది. వేడిని తట్టుకుంటుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, గుత్తుగుత్తులుగా పూస్తుంది. వాసన ఉండదు, అదొక్కటే లోటు. వాసన కావాలంటే పెరట్లో పారిజాతం వేసుకోండి, దాని ముందు ఏదైనా దిగదుడుపే.

కత్తెర ఎప్పుడు పట్టాలి?

అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి చలిదేశాల్లో మన ఆడపడుచులు ఎంతోమంది ఉన్నారు. మీ అమ్మాయో, కోడలో అక్కడ ఇల్లు కొనుక్కుని ఉంటే ఈ భాగం చదివి వినిపించండి. ఎందుకంటే ఇక్కడ మన మల్లె అలవాటు పనికిరాదు.

మల్లెను మనం ఏం చేస్తాం? నీళ్లు మాన్పించి, ఆకు దూసి, డిసెంబరు, జనవరిల్లో కొమ్మలు కత్తిరిస్తాం. కొత్త చిగురు మీద వేసవిలో మొగ్గ వస్తుంది. చినగోరంటదీ అదే పద్ధతి. లైలాక్ లెక్క దీనికి తలకిందులు. వచ్చే ఏడు పూయాల్సిన మొగ్గను ఈ ఏడు పూత అయిన వెంటనే, వేసవిలోనే కట్టేసుకుంటుంది. చలికాలం మోడుగా ఉందికదా అని అప్పుడు కత్తిరిస్తే, మొగ్గలన్నీ చెత్తబుట్టలో వేసినట్టే. పూలు వాడాయా, రెండు మూడు వారాల్లోపు కత్తిరింపు ముగించాలి. "మాది పచ్చగా ఏపుగా ఉంది కానీ పూయదండీ" అని ఇక్కడ నాతో అన్న తెలుగువాళ్లలో ఎక్కువమందిది ఈ సమస్యే.

మిగిలినవాళ్లది ఎండ సమస్య. రోజుకు ఆరు గంటల ఎండ తగలందే గుత్తి రాదు. నీళ్లు నిలవని నేల కావాలి. పులుపు నేల గిట్టదు. మట్టి పరీక్ష చేయించి, పులుపుందంటే కాస్త సున్నం వేస్తారు. ఎరువు విషయంలో మాత్రం చెయ్యి బిగబట్టండి. పచ్చికకు వేసే నత్రజని ఎరువు పొద మొదట్లో పడిందంటే ఆకులే ఆకులు.

పాతబడిన పొద పది పదిహేను అడుగులు పెరిగి, పూలన్నీ మన చేతికందని చోట, కాకులకు కనిపించేట్టు పూస్తుంది. అలాంటప్పుడు మొత్తం ఒక్కసారే నరికేయకుండా, లావుపాటి ముసలి కాండాల్లో మూడోవంతు ఒక ఏడు, మూడోవంతు మరుసటి ఏడు, మిగిలినవి ఆ పై ఏడు నేలమట్టానికి కోయాలి. మూడేళ్లలో పొద పడుచుదవుతుంది. ఆగస్టులో ఆకుల మీద విభూతి చల్లినట్టు తెల్లటి బూజు వస్తుంది. చూడ్డానికి బాగోదు కానీ దానికేం ప్రమాదం లేదు. గాలి ఆడేలా ఎడంగా నాటితే తగ్గుతుంది, మందులు కొట్టక్కర్లేదు.

నిచ్చెనెక్కిన ఇల్లాలు

నర్సరీలో మంచి రకాలన్నిటినీ ఫ్రెంచ్ లైలాక్‌లంటారు. ఆ పేరు వెనక ఒక ఇల్లాలు ఉంది. ఫ్రాన్స్‌లో నాన్సీ అనే ఊళ్లో విక్టర్ లెమోయిన్ అని పేరున్న నర్సరీ యజమాని ఉండేవాడు. 1870లో యుద్ధం వచ్చి ఊరు ప్రష్యా సైన్యం చేతికి చిక్కింది. వ్యాపారం స్తంభించిన ఆ రోజుల్లో ఆయన ముద్దరేకుల లైలాక్ తయారుచేయాలని కూచున్నాడు. అప్పటికే ఆయనకు చూపు మందగించింది, చేతులు నిలకడగా లేవు. దాంతో భార్య మరీ లూయీజ్ నిచ్చెన ఎక్కి, ఆ చిన్న చిన్న పూలలో పుప్పొడి అద్దింది. ముద్దపూలలో పుప్పొడి ఉండనే ఉండదు, వేరే పొద నుంచి తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ పూయాలి. అలా మొదలైన ఆ కుటుంబం నర్సరీ నుంచి మూడు తరాల్లో రెండు వందలకు పైగా లైలాక్ రకాలొచ్చాయి. 1890లో వచ్చిన తెల్లటి ముద్దరకానికి మదామ్ లెమోయిన్ అని పేరు పెట్టారు. ఈనాటికీ అమ్ముతారు. కొనాలనుకుంటే నా ఓటు దానికే.

కొనేటప్పుడు ఒక్కటి అడగండి, సొంత వేరు మొక్కా, అంటు మొక్కా అని. అంటుదైతే మొదట్లో వచ్చే పిలకలు కింది వేరువి, పైన పూసే రకానివి కావు. పిలకలు పంచుకోవాలంటే సొంత వేరుది తీసుకోవడమే మేలు.

పక్కింటి పెద్దావిడ పొద

పిలకల మాట వచ్చింది కాబట్టి మా పక్కింటి పెద్దావిడ సంగతి చెప్పాలి. తనను పేరు పెట్టి పిలవమంటుంది, నాకేమో అంత పెద్దావిణ్ని అలా పిలవడానికి నోరు రాదు. ఏ పిలుపూ లేకుండానే ఇన్నేళ్లూ మాట్లాడుకున్నాం. ఆవిడ వంటింటి కిటికీ పక్కనున్న లైలాక్ వాళ్లమ్మ నాటింది. ఆ తల్లి తన పుట్టింటి పొలం నుంచి పిలకగా తెచ్చుకున్నదట. ఆ పొలమూ లేదు, ఆ ఇల్లూ లేదు. రకం పేరేమిటో ఎవరికీ తెలీదు. ముదురు ఊదా, ఒంటిరేకు, సాయంత్రం మా వరండా దాకా వచ్చే వాసన.

2016 మే నెలలో, సరిగ్గా పూతమీద, ఆవిడ ఇల్లు అమ్మేసింది. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేక వృద్ధుల ఆశ్రమానికి వెళ్లిపోతోంది. కొన్నవాళ్లు ఆ పొద ఉన్న చోట కారు షెడ్డు కట్టుకుంటామన్నారు. వాళ్లిల్లు, వాళ్లిష్టం. తాళాలు జూన్ ఆఖరున ఇచ్చేయాలి. "ఇల్లు పోతే పోయింది, అమ్మ చెట్టు ఎట్లా?" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

లైలాక్‌ను పెంచే దారులు నాలుగు. అన్నిటికంటే తేలికైంది పిలక. ఆకులు రాలిన తరువాత గానీ, మంచు కరిగి మొగ్గ విచ్చకముందు గానీ, వేళ్లతో సహా పారతో పెళ్లగించి వేరేచోట పాతితే దాదాపు తప్పకుండా బతుకుతుంది. మూడు నాలుగేళ్లలో పూస్తుంది. రెండోది, మన మల్లెకు చేసినట్టే అంటు తొక్కడం. కింది కొమ్మను వంచి, నేలలో ఆనే చోట కొంచెం బెరడు గీరి, మట్టి కప్పి రాయి పెడితే ఏడాదికి వేరు పడుతుంది. మూడోది కొమ్మ గుచ్చడం. నాలుగోది విత్తనం. దానికి చలి చూపించి మొలకెత్తించాలి, పూతకు ఏళ్లు పడుతుంది, పైగా తల్లిలాగే పూస్తుందన్న నమ్మకం లేదు.

మా చేతిలో ఉన్నది అయిదు వారాలు. పిలకల కాలం దాటిపోయింది. అంటు తొక్కితే ఏడాది ఆగాలి. ఇక మిగిలింది కొమ్మ. అదృష్టం ఏమిటంటే లైలాక్ కొమ్మ గుచ్చడానికి ఏడాది మొత్తం మీద మంచి సమయం పూత రోజుల నుంచి ఆ తరువాత రెండు మూడు వారాల వరకే. ఆ ఏడు మొలిచిన రెమ్మ వంచితే వంగాలి, పుటుక్కున విరగకూడదు, అలాగని తలవాల్చేసేంత లేతగానూ ఉండకూడదు. ముదిరిందా, ఇక వేరు పట్టదు.

జూన్ మొదటివారం పొద్దున్నే, ఎండెక్కకముందు 24 రెమ్మలు తీశాం. ఒక్కోటి అయిదారు అంగుళాలు, కణుపు కిందుగా కోసి, కింది ఆకులు తీసేసి, పైన రెండే ఉంచి, అవి కూడా పెద్దవైతే సగానికి కత్తిరించాం. మొదళ్లను వేళ్లు పుట్టించే పొడిలో అద్ది, ఇసుక, పెర్లైట్ కలిపిన కుండీల్లో గుచ్చి, పైన ప్లాస్టిక్ సంచి గుడారంలా కప్పాం. నేరుగా ఎండ పడకూడదు, తడి ఆరకూడదు, అలాగని నీళ్లూ నిలవకూడదు. పురిటి గదిలా చూసుకోవాలి. పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో రెమ్మకూ ఆకులు తుంచి ఇచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు వేరు పడుతుంది. మావి తొమ్మిది పట్టాయి. కుండీలను గోడవార నేలలో పాతి, ఎండుటాకులు కప్పి చలికాలం దాటించాం. వసంతానికి ఆరు మిగిలాయి.

కాలం కాకపోయినా, పోయేదేముందిలే అని, తాళాలు ఇచ్చే ముందు అయిదు పిలకలు కూడా తవ్వాం. పెద్ద మట్టిగడ్డతో సహా తీసి, పైన అడుగు ఉంచి మిగతా కోసేసి, నీడలో పెట్టి రోజూ నీళ్లు పోశాం. రెండు బతికాయి. ఆగస్టులో పొక్లెయిన్ వచ్చింది. నేను ఆ రోజు కిటికీ తెర తీయలేదు.

వరద పట్టుకుపోయినా...

కుండీల దగ్గర కూర్చున్నప్పుడు పెద్దావిడ హుల్డా క్లాగర్ కథ చెప్పింది. లైలాక్ పెంచేవాళ్లందరికీ తెలిసిన కథే. 1863లో జర్మనీలో పుట్టి, పసిపిల్లగా అమెరికా వచ్చి, పశ్చిమాన వాషింగ్టన్ రాష్ట్రంలో ఉడ్‌లాండ్ అనే ఊళ్లో స్థిరపడిన రైతు ఇల్లాలు. మొదట ఆవిడ దృష్టి ఆపిల్ మీద పడింది. చిన్నకాయలు తొక్క తీయలేక విసిగి, త్వరగా తరిగేసుకోడానికి వీలైన పెద్దకాయ కావాలని రెండు రకాలు సంకరం చేసింది. వంటింటి బాధ తెలిసిన మనిషి మరి! 1905లో లైలాక్‌ల మీదకు వచ్చింది. లెమోయిన్ రకాలు తెప్పించుకుని సొంతంగా కొత్తరకాలు పుట్టించింది. ప్రతి వసంతంలో తోట తలుపులు తెరిచి అందరినీ రమ్మనేది.

1948లో కొలంబియా నదికి వరద వచ్చింది. తోటలోని లైలాక్‌లన్నీ నీళ్లలో పోయాయి. ఆవిడకప్పుడు ఎనభై అయిదేళ్లు. ఆ వార్త విని, అంతకుముందు ఆవిడ దగ్గర మొక్కలు కొనుక్కెళ్లినవాళ్లు తమ తమ పెరళ్ల నుంచి పిలకలు తవ్వి, కొమ్మలు కోసి తెచ్చిచ్చారు. 1950లో తోట మళ్లీ తెరిచింది. 1960లో కన్నుమూసేవరకూ ఆవిడ దాన్ని వదల్లేదు. ఆ తోట ఇప్పటికీ ఉంది, ఏటా వసంతంలో జనం వెళ్తారు.

అందుకే బతికిన ఎనిమిదింటిలో ఒక్కటే నేనుంచుకున్నాను. రెండు కొమ్మ మొక్కలు పెద్దావిడ కూతురికి, ఒకటి బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయికి, రెండు మా వీధిలోనే, ఒకటి బఫెలోలో ఉన్న స్నేహితురాలికి ఇచ్చాం. రెండో పిలకను ఆశ్రమంవాళ్ల అనుమతితో వాళ్ల పెరట్లో, పెద్దావిడ గది కిటికీకి ఎదురుగా నాటాం. 2019 మే నెలలో దానికి మూడు గుత్తులొచ్చాయి. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండి, "వాసన అదే. రంగు మాత్రం అమ్మ చెట్టంత చిక్కగా లేదు" అంది. నిజమే, తొలిపూత రంగు ఒక్కోసారి అలాగే ఉంటుంది, పొద ముదిరాక కుదురుకుంటుంది. ఆ మాటే చెప్పాను. "అయితే చూస్తాను" అంది. మరో మూడు వసంతాలు చూసింది.

గుత్తులు కోసి ఇంట్లో పెట్టుకునేవాళ్లకు ఒక మాట. మల్లెమొగ్గలాగా కోశాక విచ్చుకుంటుందని మొగ్గమీద కోయకండి, ఇది విచ్చుకోదు. సగానికి పైగా పూసిన గుత్తిని పొద్దున్నే కోసి, ఆకులన్నీ దూసి, కాడ చివర నిలువునా చీల్చి, లోతుగా నీళ్లున్న పాత్రలో పెట్టండి. మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. దండ కట్టే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. నేను ఒక శుక్రవారం మూరెడు కట్టి అమ్మవారికి వేస్తే హారతి అయ్యేలోపే వాడిపోయింది. జడలోనూ అంతే. రష్యాలో అయిదు రేకుల పువ్వు దొరికితే అదృష్టమని, కోరిక కోరుకుని తినేస్తారట. మా అమ్మాయి చిన్నప్పుడు పరీక్షల ముందు పొదంతా వెతికేది.

కెనడాలో మరీ చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ప్రెస్టన్ లైలాక్ అని అడగండి. ఒట్టావాలో ఇసబెల్లా ప్రెస్టన్ అనే ఆవిడ 1920ల్లో తయారుచేసిన రకాలవి. మామూలు లైలాక్ అయిపోయాక పూస్తాయి కాబట్టి పూతకాలం ఇంకొన్ని రోజులు సాగుతుంది. కాలిఫోర్నియా దక్షిణాన ఉన్నవాళ్లు లావెండర్ లేడీ కొనుక్కోండి. తక్కువ చలికి కూడా పూసేలా అక్కడే రూపొందించిన రకం.

మా ఎనిమిదింటిలో ఏడు ఇప్పుడు పూస్తున్నాయి. బఫెలోది ఇంకా మొండికేస్తోంది. పక్కనున్న మేపుల్ చెట్టు నీడే కారణమని నా అనుమానం. వచ్చే ఏప్రిల్లో, మొగ్గ విచ్చకముందే, తవ్వి ఎండలోకి మార్చమన్నాను. ఆ వారం నేనూ పార పట్టుకుని వెళ్లాలి.